షిఫ్ట్ మనిషిని లేపకూడదు

మా తమ్ముడికి పిచ్చి పట్టిందని వీధిలో చెప్పుకుంటున్నది ఎవరెవరో నాకు తెలుసు. కుళాయి దగ్గర వాళ్లు ఎదురుపడితే మొహం తిప్పుకుంటాను. పోయిన ఆడి నెలలో వాడు మూడు రోజులు మంచం మీద కదలకుండా పడి ఉన్నమాట నిజం. ఆ మూడు రోజులూ మేం ఇంట్లోనే ఉండి ఒక్కసారి కూడా వాణ్ని పేరు పెట్టి పిలవలేదు. ఈ రెండో సంగతి వీధివాళ్లకు తెలియదు. తెలిస్తే పిచ్చి ఎవరికో వాళ్లే తేల్చుకునేవాళ్లు.

వాడి పేరు కళైయరసన్. ఇంట్లో కళై. ఇరవై ఏడేళ్లు, నాకన్నా ఆరేళ్లు చిన్న. నా పేరు కణ్మణి. తళవాయిపురంలో నైటీలు కుడతాను. పొద్దున ఎనిమిది బస్సుకు పోతే సాయంత్రం ఆరు దాటాక మా ఊరు రాజపాళయంలో దిగుతాను. మాకు ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. నన్ను ఇచ్చింది మా వీధిలోనే, పుట్టింటికి నాలుగిళ్ల అవతల. పెళ్లయి పన్నెండేళ్లయినా మా అమ్మ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగలను. అలాంటిదాన్ని, వెనకగదిలో నా తమ్ముడు ఏమైపోతున్నాడో పసిగట్టలేకపోయాను.

మా నాయన ఇసక్కిముత్తు నూలు మిల్లులో పని చేసేవాడు. నెలలో సగం రోజులు రాత్రి షిఫ్టే. మా వీధిలో అందరివీ మిల్లు బతుకులే కాబట్టి ఎవరూ రాసిపెట్టని ఒక కట్టడి ఉండేది. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న మనిషిని లేపకూడదు. ఆ మనిషి మంచం ఎక్కగానే ఇంటి ఆడవాళ్లు తలుపు గొళ్లేనికి ఒక తుండు కట్టేవాళ్లు. తుండు కనిపిస్తే కూరలబండివాడు కేక ఆపి నడిచేవాడు. పిల్లలు గోళీలు ఏరుకుని పక్క వీధికి పోయేవాళ్లు. మా పక్కింటి అఖిలాండం అత్తకు మాత్రం దేవుడు గొంతు పెట్టాల్సిన చోట షిఫ్ట్ మారేటప్పుడు కూసే మిల్లు సంగు పెట్టాడు. ఆవిడ గుసగుస బస్టాండు దాకా వినపడేది.

ఈ కట్టడికి మా ఇంట్లో పోలీసు మా అమ్మ గురువమ్మాళ్. గిన్నె మీద మూత పెట్టాలంటే మధ్యలో గుడ్డ వేసి పెట్టాలి. దగ్గొస్తే దిండులో మొహం దాచుకుని దగ్గాలి. నేనూ కళై కళ్లతోనే పోట్లాడుకోవడం నేర్చుకున్నాం. వాడు కళ్లతో తిట్టిన తిట్లు కొన్ని నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అదంతా అప్పట్లో భయంగా ఏమీ ఉండేది కాదు. ఇంట్లో ఒక మనిషి అందరి కోసం అలిసిపోయి పడుకున్నాడు, ఆయన నిద్రను మేమందరం కలిసి కాపలా కాస్తున్నాం అన్నట్టు ఉండేది. మా ఇంట్లో ప్రేమంటే అదే, అంతకు మించి నోటితో చెప్పుకున్నది లేదు.

కళైకి తొమ్మిదేళ్లప్పుడు నాయన కుడిచెయ్యి మిషన్‌లో పడింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ మాకు ఇంకో కట్టడి పెట్టింది. "చెయ్యి మాట ఎత్తొద్దండి. గుర్తు చేస్తే పావం, ఆయప్ప మనసు కష్టపడతాది." మేం ఎత్తలేదు. పద్దెనిమిదేళ్లు ఎత్తలేదు. నాయన బ్యాండేజీ గుడ్డ చేసే కంపెనీలో పగటి వాచ్‌మన్‌గా చేరాడు. నేను పదో తరగతి మధ్యలో ఆపి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. కళై చదువుకున్నాడు. డిప్లొమా ముగించి కోయంబత్తూరులో ఏదో కంప్యూటర్ కంపెనీలో ఉండి, కరోనా ఏడాది ఇంటికి వచ్చాడు. మళ్లీ పోలేదు.

పోకపోవడానికి కారణం వాడు మాకు చెప్పాడు. ఆట తయారు చేస్తానన్నాడు. వీడియో గేమ్. అమ్మకు అర్థం కాలేదు, నాకు సగమే అర్థమైంది.

"బొమ్మలు ఎవరు గీస్తారు?" అని అడిగాను.

"నేనే."

"పాట?"

"నేనే అక్కా. లెక్క, కథ, అన్నీ నేనే."

నాకు నవ్వొచ్చింది. "ఒక నైటీకే మా దగ్గర ఆరుగురం ఉండాము. కత్తిరించేవాడు ఒకడు, కుట్టేది నేను, కాజాలకి ఒకతె, ఇస్త్రీకి ఇంకొకడు. నువ్వు ఒక్కడివే మొత్తం కుట్టి, తొడుక్కోని, బాగుండాదని నువ్వే చెప్పుకుంటావా?"

వాడూ నవ్వాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు. పాత బస్టాండు దగ్గర కంప్యూటర్ కొట్టు పెట్టుకున్న నరేన్ సార్ దగ్గర రెండు నెలలు రిపేర్లు చేసి, దానికి బదులుగా ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్నాడు. ఆ మొదటి ఏడాది ఇంట్లో ఎక్కడ చూసినా వాడే. ఫోన్ పట్టుకుని నా చెప్పుల చప్పుడు, అమ్మ అప్పడం విరిచిన చప్పుడు, అఖిలాండం అత్త తుమ్ము, అన్నీ రికార్డు చేసుకునేవాడు. ఏం చేస్తున్నావురా అంటే "ముగిసినంక చూద్దువులే" అనేవాడు. నేను బలవంతం చేయలేదు. చేసి ఉండాల్సింది.

రెండో ఏడాది వాడి రోజు తలకిందులైంది. ఇంట్లో సందడి తగ్గాకే పని సాగుతుందని రాత్రంతా కూర్చుని, తెల్లారాక పడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను పొద్దున్నే ఇడ్లీ ఇవ్వడానికి పోయేసరికి అమ్మ వెనకగది గొళ్లేనికి తుండు కడుతోంది. ముడి వేస్తూ నా వంక చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆ మొహంలో ఎంత గర్వం! ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంట్లో మళ్లీ ఒక షిఫ్ట్ మనిషి ఉన్నాడు.

నాయనైతే ఇంకా ఒక మెట్టు ఎక్కువ. డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లోనే చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చేవాడు. తన నిద్రకు మేం ఇచ్చిన మర్యాదంతా కొడుక్కి తిరిగి ఇచ్చేస్తున్నట్టు ఉండేది. మేం గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. కంచంలో అన్నం పెట్టి తలుపు పక్కన ఉంచేవాళ్లం. వాడు ఎప్పుడు తీసుకునేవాడో, ఎప్పుడు బయట పెట్టేవాడో తెలిసేది కాదు. మొదట్లో కంచం ఖాళీగా వచ్చేది. తర్వాత సగం. మంసాపురంలో మా చిన్నాన్న కూతురి పెళ్లికి వాడు రాలేదు. "వేలై ముమ్మరంగా ఉండాది, పని వదిలి రాలేడు" అని అమ్మే అందరికీ చెప్పుకుంది.

ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. పోయిన చిత్తిరై నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అమ్మ ఇంట్లో మిరపకాయలు తొడిమలు తీస్తుంటే వెనకగది తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగిపోయి, చెంపలు లోపలికి పోయి, వాడు గుమ్మంలో నిలబడ్డాడు. నా వంకే చూశాడు.

"అక్కా, ఇది బాగుండాదో లేదో నాకు తెలవటం లే."

"ఏదిరా?"

"ఏదీ."

ఆ మాటకు నేనేం చేయాలి? లేచి వాడి చెయ్యి పట్టుకోవాలి. కూర్చోబెట్టి అడగాలి. నేను మిరపకాయల చేతులు చూసుకుని, "పోయి పడుకోరా, తూక్కం చాలక అట్ల ఉంటాది" అన్నాను. వాడు తల ఊపి లోపలికి పోయాడు. నేను తలుపు దగ్గరగా వేసి, జారిపోయిన తుండును మళ్లీ గట్టిగా కట్టాను. నా ఈ చేతులతోనే కట్టాను.

ఆడి నెలలో ఒక మంగళవారం మొదలైంది. ఆ రోజు కంచం కదలలేదు. బుధవారం కదలలేదు. గురువారం సాయంత్రం నేను బస్సు దిగి అటే పోయాను. అమ్మ వాకిట్లో కూర్చుని చాలా సంతోషంగా, చాలా మెల్లగా చెప్పింది. "పని ముగిసినట్టుండాది. మూడు దినాలుగా ఒకటే నిద్ర. పడుకోనీ, పావం. ఎన్ని దినాల తూక్కమో."

మూడు రోజులు నిద్రపోయే మనిషి ఉంటాడా? బాత్రూముకైనా లేవడా? తుండును విప్పలేదు, లాగేశాను. తలుపు తోసి చూస్తే వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గది కంపు కొడుతోంది. మంచం చుట్టూ తిరిగి మొహం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నిద్రపోవడం లేదు వాడు. ఆ మూడు రోజులూ మేలుకునే ఉన్నాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. "కళై" అని అరిచాను. ఆ ఇంట్లో నేను అంత గట్టిగా అరవడం అదే మొదలు. రెప్ప వేశాడు, అంతే.

గవర్నమెంటు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ తమిళంలో అడిగింది, ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాడని. అమ్మ, మూడు రోజులుగా నిద్రపోతున్నాడని చెప్పింది.

"నిద్రపోతున్నాడని మీకెవరు చెప్పారు?"

అమ్మ నా మొహం చూసింది. నేను నాయన మొహం చూశాను. ఆయన నేల చూపులు చూశాడు. ఆ డాక్టరమ్మ మీద నాకు ఒళ్లు మండింది, ఆమె తప్పేం లేదని తెలిసీ మండింది.

రెండు రోజుల తర్వాత ఆమె నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. ఇది గాలీ కాదు, ధూళీ కాదు, సోమరితనమూ కాదు, జబ్బు అంది. ఎన్నో నెలలుగా ఒక్కడే ఒకే పని మీద కూర్చుని, తప్పొప్పులు చెప్పే మనిషి లేక, వాడి మనసు వాణ్నే తినేసిందంది. మాత్రలున్నాయి, మాట్లాడించే డాక్టర్లున్నారు, నెమ్మదిగా తేరుకుంటాడు. చచ్చిపోవాలని ఉందా అని అడిగితే "దానికి కూడా ఓపిక లే" అన్నాడట. "అతను చేస్తున్న పనిలో ఏముందో మీలో ఒక్కరైనా చూశారా?" అని అడిగింది. లేదన్నాను.

వాడు నాతో నాలుగో రోజు మాట్లాడాడు. నేను బత్తాయి రసం గ్లాసు పట్టుకుని ఉంటే పైకప్పు చూస్తూ చెప్పాడు.

"రెండు మూడుసార్లు బయటికి రావాలని లేచినాను అక్కా. తలుపు దాకా వచ్చినాను. మీరు గుసగుసగా మాట్లాడుకుంటా ఉంటిరి. నాయన చెప్పులు చేత్తో పట్టుకోని పోతా ఉండాడు. ఏమో గొప్ప పని చేస్తా ఉండానని మీరంతా అనుకుంటా ఉండారు. నేను లోపల ఒక్క గీత గీయలే. నెలగా ఒక్క గీత లే. ఏ మొహం పెట్టుకోని బయటికి వచ్చేది?"

నాకు ఏడుపు ఆగలేదు. గ్లాసు పక్కన పెట్టి ఏడ్చాను. వాడు ఏడవలేదు.

"నీ ఆట చూడనా?" అన్నాను.

"చూసుకో" అన్నాడు. కంప్యూటర్ తెరిచే తాళం మాట కూడా చెప్పాడు. నా పేరే.

అది ఆదివారం. ఆ మధ్యాహ్నమే నరేన్ సార్‌ను బతిమాలి ఇంటికి పిలుచుకొచ్చాను. ఆయన రాజుల కులం పిల్లాడు, తాతకు ఒకప్పుడు మిల్లు ఉండేది. మా వీధిలోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక అమ్మ కుర్చీని మూడుసార్లు తుడిచింది. ఆయన అదేం పట్టించుకోకుండా కళై కుర్చీలోనే కూర్చుని కంప్యూటర్ తెరిచాడు. ఆట మొదలుపెట్టి, మీటలు నాకు చూపించి, "ఆడండి కణ్మణీ, మీరే ఆడండి" అన్నాడు.

తెర మీద మా ఇల్లు. ఎవరికి తెలియకపోయినా నాకు తెలియదా? ఆ పగిలిన గడప, పొయ్యి పక్కన మసి. మంచం మీద ఒక మనిషి కళ్ల మీద తుండు కప్పుకుని పడుకున్నాడు. ఒక చిన్న పిల్లాడు. ఆట అంతా ఇదే. ఆ పిల్లాడు ఇంట్లో పనులన్నీ చప్పుడు కాకుండా చేయాలి. మొదటి లెవెల్‌లో కోడిని బయటికి తోలాలి. రెండోదానిలో కుక్కర్ కూతకు ముందే దించాలి. ఐదోదానిలో పక్కింటావిడ వస్తుంది. ఆవిడ ప్రతి మాటకూ తెర అదిరిపోతుంది, పిల్లాడు ఆవిడ నోట్లో వడియాలు కుక్కుతూ ఉండాలి. అఖిలాండం అత్త! కడుపు పట్టుకుని నవ్వాను. నా తమ్ముడు ఆస్పత్రిలో ఉంటే వాడి గదిలో కూర్చుని నేను నవ్వాను. మాటలన్నీ మా ఇంటి తెలుగే, తమిళ అక్షరాల్లో. చప్పుడైతే తండ్రి లేస్తాడు. తిట్టడు, కొట్టడు. లేచి కూర్చుని, నీళ్లు తాగి, చొక్కా వేసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

ఏడు లెవెళ్లు దాటాను. ఎనిమిదోది ఆఖరిది. పిల్లాడు ఎవర్‌సిల్వర్ బిందెడు నీళ్లు వాకిట్లో నుంచి లోపలికి తేవాలి. తెచ్చాను. గడప దగ్గర బిందె జారి పడింది. తండ్రి లేచాడు. తలుపు వెనక నుంచి తల్లి వచ్చి పిల్లాడి వీపు మీద చరిచింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "నిద్ర చెడిపితివి గదరా. ఈ పొద్దు మిల్లులో ఏమన్నా అయితే నీ వల్లే." తండ్రి చొక్కా వేసుకుని పోయాడు. తర్వాత ఉత్త మంచం. మళ్లీ మొదటి నుంచి.

ఇంకోసారి ఆడాను. బిందె జారింది. మెల్లగా నడిపించాను, జారింది. నీళ్లు సగం పోసి తెచ్చాను, జారింది. నరేన్ సార్ నన్ను ఆపి, ఆట లోపల కళై రాసిన లెక్కలు తెరిచి చాలాసేపు చూశాడు.

"ఇది ఎట్ల ఆడినా గెలవలేరు. వాడే అట్ల రాసినాడు. ఇది చూడండి, ఈ ఒక్క లెవెల్‌నే నూట నలభై మూడు సార్లు మార్చి రాసి పెట్టుకోనుండాడు. రెండేళ్లుగా ఇదే."

గోడకు ఒక కాగితం అంటించి ఉంది. మొదటి ఏడు లెవెళ్లను కళై ఊరికే ఆడి చూడమని నెట్‌లో పెట్టాడట, నరేన్ సార్ చెప్పాడు. ఏ దేశపువాడో ఒకడు ఆడి ఒక మాట రాశాడు. దాన్ని వీడు తమిళంలో రాసి గోడకు అంటించుకున్నాడు. 'తండ్రి లేస్తే ఏమీ కాదు కదా, మరి ఇంత భయం దేనికి? విసుగు.' ఆ మాటకు జవాబు చెప్పడానికే వాడు ఎనిమిదో లెవెల్ మొదలుపెట్టాడు. లేస్తే ఏమవుతుందో చూపించాలనుకున్నాడు. చూపించలేకపోయాడు, ఆపేయనూ లేకపోయాడు.

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. బిందె పడటం, అమ్మ చరచడం, ఆ రాత్రి షిఫ్ట్‌లోనే నాయన చెయ్యి పోవడం. నాకు పదిహేనేళ్లు. బిందె సంగతి నేను ఆ క్షణమే మరిచిపోయాను. వాడు తొమ్మిదేళ్లవాడు, మోసుకుంటూ వచ్చాడు. నాయన చేతి వంక చూసిన ప్రతిసారీ వాడేం చూశాడో, ఆ వెనకగదిలో కూర్చుని నాకు తెలిసింది.

నరేన్ సార్ వెళ్లాక అమ్మను అడిగాను. "బిందె జారిన పొద్దు, ఏమన్నా అయితే నీ వల్లేనని నువ్వు వాణ్ని అంటివే, గుర్తుండాదా?"

"నేనా? నేనట్ల అన్నానా?" అమ్మ నిజంగానే మరిచిపోయింది. రోజుకు పది మాటలు అలాంటివి అనేది, అది వాటిలో ఒకటి. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది.

నాయన డ్యూటీ నుంచి వచ్చాడు. చెప్పులు విడవబోతుంటే, విడవొద్దన్నాను. పద్దెనిమిదేళ్ల కట్టడిని నేనే తెంచాను.

"నాయనా, నీ చెయ్యి పోయిన పొద్దు నీకు నిద్ర చాల్లేదా?"

ఆయన విచిత్రంగా చూశాడు. "నిద్రా? నిద్రకీ చెయ్యికీ ఏం సంబంధం? ఆ దినం వేల్‌మురుగన్ లీవు. వాడి మిషన్ మీద నన్ను నిలబెట్టినారు. నాకు అది పళక్కం లే. ఎక్కడ చెయ్యి పెట్టాల, ఎక్కడ పెట్టకూడదు, నాకేం తెలుసు? పెట్టకూడని చోట పెడితి. అంతే."

"మరి యాల చెప్పలే ఎవరికీ?"

"మిల్లులో అందరికీ తెలుసు గదా. ఇంట్లో ఎవరూ అడగలే."

రెండు మాటలు. వేల్‌మురుగన్ లీవు. ఆ రెండు మాటలు ఈ ఇంట్లోనే, వెనకగదికి పది అడుగుల దూరంలో, ఈ మనిషి నోట్లోనే ఉన్నాయి. మేం ఆయన మనసు కష్టపడుతుందని అడగలేదు. ఆయన మేం అడగలేదని చెప్పలేదు.

సోమవారం పని మానేసి నాయనను ఆస్పత్రికి తీసుకుపోయాను. దారంతా ఏం చెప్పాలో నేర్పించాను. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేర్పించిందంతా మరిచిపోయాడు. చెయ్యి చొక్కా జేబులోంచి తీసి, ఎప్పుడూ దాచుకునే ఆ చేతిని తీసి, దుప్పటి మీద పెట్టాడు.

"దీనికి కారణం నువ్వు కాదురా. ఆ మిషన్ నాకు తెలీదు. నువ్వు బిందె పడేసినప్పుడు నేను ముందే మేలుకోని ఉంటి. చెవిలో నీ అడుగుల చప్పుడు వింటా ఉంటి. పిల్లోడు ఎంత జాగ్రత్తగా తెస్తా ఉండాడని నవ్వుకుంటా ఉంటి."

కళై ఆ చేతి వంక చూశాడు. నేను ఎదురుచూశాను. వాడు ఏడుస్తాడు, నాయనను పట్టుకుంటాడు, ఇక బరువు దిగిపోతుంది అనుకున్నాను. నేను అంత తెలివితక్కువదాన్ని. వాడు నా వైపు తిరిగాడు.

"అప్పుడు నేను ఇదంతా దేనికి చేసినాను అక్కా?"

నర్సు వచ్చి సూది వేసి పోయింది.

ఇది జరిగి ఐదు నెలలైంది. వాడు బతికే ఉన్నాడు, దానికి నేను రోజూ దండం పెట్టుకుంటున్నాను. మాత్రలు వేసుకుంటాడు. పదిహేను రోజులకొకసారి మదురైకి తీసుకుపోయి మాట్లాడించుకు వస్తాను. మా నైటీ కంపెనీలో ఎంబ్రాయిడరీ మిషన్‌కు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే పని ఇప్పించాను. పువ్వులు, నెమళ్లు, తీగలు గీస్తాడు. వాడు గీసిన నెమలి బాగుందని మా కంపెనీ ముదలాళి అన్నప్పుడు కొంచెం నవ్వాడు. ఆ పాత నవ్వు కాదు. అది ఇంకా రాలేదు, వస్తుందో లేదో డాక్టరు కూడా చెప్పలేదు. అమ్మ ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు వాణ్ని పేరు పెట్టి పిలుస్తుంది, పని ఉన్నా లేకపోయినా. వాడు ప్రతిసారీ ఓపికగా "ఏమ్మా" అంటాడు.

కంప్యూటర్ మాత్రం ముట్టుకోగా నేను చూడలేదు. గుడ్డ కప్పి ఉంది. మొన్న బస్సులో పక్కపక్కనే కూర్చుని పోతుంటే నేను ఆగలేక అడిగేశాను.

"ఆ ఆట ముగించెయ్యరాదా కళై? ఇప్పుడు తెలిసింది గదా. ఆ బిందెను పడనియ్యకుండా రాసేసి, వదిలెయ్యి."

వాడు కిటికీ లోంచి చూస్తూ ఉన్నాడు.

"బిందె పడినా ఏం కాదు అక్కా. అది నాకు తెలుసు ఇప్పుడు. ఆ పిల్లోడికి తెలీదు. వాడు ఈ పొద్దుకి ఇన్నుం ఆ గడప దగ్గరే నిలబడుకోని ఉండాడు. వాడికి ఎవరు పోయి చెప్పేది?"

"నువ్వే చెప్పరా. నువ్వు గీసిన పిల్లోడే గదా."

"మూడుసార్లు కూర్చుంటిని. వాడి మొహం చూస్తే నాకు మాట రావటం లే."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. తళవాయిపురం స్టాండు వచ్చింది. దిగాలి కాబట్టి దిగాం.